ఆగని తెర

"ఇకమీదట మన సేవా కేంద్రంలో తెర ఆగదు!" అని గోదావరిఖని సభలో మంత్రిగారు ప్రకటించగానే చప్పట్లు మారుమోగాయి. ఏ తెరో చాలామందికి తెలియదు. నాకు తెలుసు, కేంద్రం గేటు ముందే నా చాయ్ బండి. నేనూ గట్టిగానే కొట్టాను.

తెరంటే కంప్యూటర్‌ది. అంతకుముందు అర్జీ ఎక్కించి బటన్ నొక్కితే అది బిగుసుకుపోయేది. బాణం కదిలేది కాదు. తెరంతా తెల్లబడేది. జనం దానికో దండం పెట్టి ఇళ్ళకు పోయేవారు.

రవికాంత్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు హైదరాబాదు నుంచి వచ్చి రోగం పట్టేశాడు. "దీని లోపల పని చేసేదీ, తెర చూసుకునేదీ ఒకడే సార్. బరువు పని వెనక ఇంకొకడికి అప్పగిస్తే, ముందున్నవాడు ఖాళీగా ఉండి అడిగినవాళ్ళకి పలుకుతాడు."

కేంద్రం ఆఫీసరు పట్టాభిరామయ్యగారు పొంగిపోయారు. "ముందున్నవాడు ఖాళీగా ఉండడం మనకి అలవాటేనయ్యా! కానివ్వు."

అలా ప్రారంభోత్సవం జరిగింది. గేటు మీద మంత్రిగారి భారీ నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. మొదటి అర్జీ మా బస్తీ పోశవ్వది, కొత్త రేకుల కోసం. ఇంటి రేకులు పగిలాయి, కూతురు కాన్పుకొచ్చి పసిగుడ్డుతో అక్కడే ఉంది, మృగశిర వానలు ముంచుకొస్తున్నాయి.

రవికాంత్ బటన్ నొక్కాడు. తెర మీద నీలం చక్రం గిర్రున తిరిగింది. మంత్రిగారు స్వయంగా మౌస్ పట్టి బాణాన్ని నాలుగు మూలలకూ తిప్పారు. ఎక్కడా ఆగలేదు.

"చూశావా అమ్మా! చక్రం తిరుగుతోందంటే వెనక పని జరుగుతోందన్నమాట."

"మంచిగున్నది సారూ. మా ఆయన గనిల దిగితే షిఫ్టు అయినంక పైకొస్తడు. మరి నా అర్జీ ఎప్పుడొస్తది?"

మంత్రిగారు హాయిగా నవ్వారు. పక్కనున్న వాళ్ళమంతా నవ్వాం. ఆయనకు కారెక్కే టైమైంది.

పోశవ్వ రోజూ వచ్చి చక్రం చూసి పోయేది. తొలివాన పడిన రోజు నేను చాయ్ పట్టుకెళ్తే, ఆఫీసరుగారు రవికాంత్‌ను అడుగుతున్నారు.

"వెనక పని ఎంతవరకొచ్చిందయ్యా?"

"వెనకేం లేదు సార్. పని తగిలిస్తే తెర కాస్త తడబడింది. మంత్రిగారి ముందు ఆగకూడదన్నారు కదా మీరు? పని తీసేసి చక్రం ఉంచాను."

ఆఫీసరుగారు మౌస్ పట్టి బాణాన్ని ఓసారి తిప్పి చూశారు. "అందుకా ఇంత చురుగ్గా ఉంది!" అని వాడికి నా చేత ఇంకో చాయ్ పోయించారు. అలాంటి మేధావికి చాయ్ పోసే భాగ్యం ఎందరికి దక్కుతుంది!

అప్పుడే పోశవ్వ తడుస్తూ వచ్చింది. "గీ చక్రాన్ని నెత్తి మీద పెట్టుకోవాల్నా సారూ? పసిపోరడు తడిసి ముద్దయితుండు!"

"జరుగుతోందమ్మా, చక్రం చూడు."

ఆమె చక్రం చూడలేదు. గేటు దగ్గరికొచ్చి తలెత్తింది. "అన్నా, జర నీ చాకియ్యి."

పాల ప్యాకెట్లు కోసే చాకు ఇచ్చాను. నిచ్చెన కూడా నేనే పట్టాను. సాయంత్రానికి మంత్రిగారు పోశవ్వ ఇంటి మీద వెల్లకిలా పడుకుని ఆకాశాన్ని చూసి నవ్వుతున్నారు. లోపల చుక్క కారలేదు. పిల్లాడు హాయిగా నిద్రపోయాడు. నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళు చెమర్చాయి.

మర్నాడు కేంద్రం స్లాబే కారడం మొదలుపెట్టింది, సరిగ్గా కంప్యూటర్ మీద. ఆఫీసరుగారు స్వయంగా అర్జీ ఎక్కించి బటన్ నొక్కారు. చక్రం అద్భుతంగా తిరిగింది. ఆయన కాసేపు చూసి, గొడుగు తీసుకుని పోశవ్వ ఇంటికి బయల్దేరారు. తోవ చూపించడానికి నేనూ వెళ్ళాను.

"ఏమ్మా పోశవ్వా, ఆ ఫ్లెక్సీలో ముక్కేమైనా మిగిలిందా?"

"సారు మొత్తం మా ఇంటి మీదనే ఉన్నడు. కాళ్ళొక్కటే మిగిలినయి. తీస్కపో."

పట్టాభిరామయ్యగారు గొడుగు నాకిచ్చి, రెండు చేతులతో వాటిని అందుకున్నారు.