ఏడో నంబరు దారి అతి కఠినం

ఆ సోమవారం ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఆఫీసు గడియారం చేతికి కట్టుకుని కొండెక్కడం, పైన ఉన్న పాత కాపలా బురుజు చుట్టి రావడం, పదకొండింటికల్లా కుర్చీలో కూలబడటం. ఆ గడియారం మామూలుది కాదు. కట్టుకున్న మనిషి ఎటు నడిస్తే అటు గీత గీసుకుంటూ పోతుంది. ఆ గీతను కంప్యూటరులోకి ఎక్కిస్తే పటం మీద ఏడో నంబరు దారి తయారవుతుంది. కాలినడకన వచ్చేవాళ్లూ, కొండ సైకిళ్లు తొక్కేవాళ్లూ ఆ పటం చూసుకునే బయలుదేరుతారు.

ఏడో దారి పటమెక్కితే గుమాస్తా ఉద్యోగం పర్మనెంటవుతుంది. కొండదారుల ఆఫీసులో అతను నాలుగేళ్లుగా టెంపరరీ. "నెలాఖరులోగా దారి చూపించు, ఆర్డరు మీద సంతకం పెడతా. లేదంటే నీ కుర్చీలో ఇంకొకర్ని చూసుకుంటా" అని డైరెక్టరు ముఖం మీదే చెప్పాడు. నెలాఖరు ఇంకో వారంలో ఉంది.

నిజానికి కొండదారుల గురించి గుమాస్తాకు తెలియని సంగతి లేదు. ఏ దారిలో ఎన్ని మలుపులో, ఎక్కడ సైకిలు దిగి నడవాలో ఫోనులో అడిగినవాళ్లకు గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. అదంతా పాత గుమాస్తా రాసిపెట్టి వెళ్లిన కాగితాల పుణ్యం. అతను స్వయంగా ఎక్కిన ఎత్తు ఒక్కటే, ఆఫీసు రెండో అంతస్తు. అదీ లిఫ్టు చెడిపోయిన రోజుల్లో.

ఆ పొద్దున సన్నగా తుంపర పట్టింది. ఇంటి కిటికీలోంచి కొండను చూడగానే గుమాస్తాకు మోకాలు నొప్పి పుట్టింది. సరిగ్గా అప్పుడే మేనత్త గుడ్ల బుట్ట చంకన పెట్టుకుని గదిలోంచి బయటికొచ్చింది. ఆవిడ ఆ ఇంట్లోనే ఉంటుంది. కొండమీది ఇళ్లకు రోజూ గుడ్లు ఇచ్చి వస్తుంది. వాన పడినా, మంచు కురిసినా ముప్పై ఏళ్లలో ఒక్క పూట మానలేదు.

"అత్తా, కొండమీదికేనా?"

"కాదురా, సముద్రంలోకి. చేపలకి గుడ్లు కావాలన్నాయి."

"బురుజు దాకా వెళ్తావా?"

"ఆఖరి డజను ఇచ్చేది దాని పక్కింట్లోనే. ఏం, అక్కడేమన్నా పారేసుకున్నావా?"

అసలు సంగతి చెబితే, ఆఫీసు పని అత్తయ్య చేత చేయిస్తున్నాడన్న కబురు తనకంటే ముందే ఆఫీసుకు చేరుతుంది. అందుకని గుమాస్తా గొంతు బాగా మెత్తగా చేసుకున్నాడు.

"ఈ గడియారం కట్టుకో. ఇది బీపీ చూస్తుంది. ఈ మధ్య నీ ఆరోగ్యం గురించి నాకొకటే బెంగ."

అత్తయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా కొడుకైనా ఇంత ఆలోచించలేదురా అల్లుడూ!"

"దారిలో విప్పకు. తిన్నగా వెళ్లి తిన్నగా రా."

"నేనెప్పుడైనా వంకరగా వెళ్లానట్రా?" అంటూ ఆవిడ చెయ్యి పైకెత్తి, గడియారం అందరికీ కనబడేలా కొంగు సర్దుకుని బయలుదేరింది.

గుమాస్తా ఆఫీసులో వేడివేడి టీ ముందు పెట్టుకుని తాను చూడని దారిని వర్ణించడం మొదలుపెట్టాడు. "జనసంచారమే లేని దారి. పలకరించే దిక్కు ఉండదు. మౌనం కోరుకునేవారికి స్వర్గం" అని రాసి, చదువుకుని, తనే మెచ్చుకున్నాడు.

అత్తయ్య మధ్యాహ్నం రెండున్నరకు కొండ దిగి ఆఫీసుకే వచ్చింది. "బీపీ బాగానే ఉందటరా. అందరూ చూశారు" అంది. గుమాస్తా గడియారాన్ని ఆవిడ చేతికి ఉండగానే కంప్యూటరుకు తగిలించాడు. విప్పనివ్వలేదు మరి.

దూరం నాలుగు కిలోమీటర్లు. పట్టిన సమయం ఆరున్నర గంటలు. కంప్యూటరు ఆ రెంటినీ భాగించి చూసుకుంది. ఇంత తక్కువ దూరానికి ఇంత సమయం పట్టిందంటే అది నడక కాదు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గోడలు పాకడం అని తేల్చింది. దారి పక్కన నల్ల చుక్క పెట్టి "అతి కఠినం, నిపుణులకు మాత్రమే" అని రాసింది. గీత కూడా తిన్నగా లేదు. ఇరవై రెండు చోట్ల గిర్రున తిరిగి, వెనక్కొచ్చి, మళ్లీ ముందుకు పోయింది. ఆఫీసు పటం ఏనాటిదో, అందులో కొండంతా ఆకుపచ్చ రంగే తప్ప ఒక్క ఇల్లు లేదు. ఇదేమిటని అత్తయ్యను అడగవచ్చు. కానీ ఆవిడ జవాబు పూర్తయ్యేసరికి ఇంకో ఆరున్నర గంటలు పడుతుంది. గుమాస్తా కలం తీసి "ఇరవై రెండు ప్రమాదకరమైన మలుపులు" అని చేర్చాడు.

డైరెక్టరు కాగితం చూసి కుర్చీలోంచి లేచాడు.

"నలుపా! పక్క కొండ ఆఫీసువాళ్లు రెండు నల్ల దారులున్నాయని ఎంత నీలుగుతున్నారో తెలుసా? ఏవయ్యా, నువ్వే ఎక్కావా?"

"ఎక్కాను సార్."

"ఎలా ఉంది?"

"మాటల్లో చెప్పలేను సార్."

ఆ రోజు అతను నోరు విప్పి చెప్పిన నిజం అదొక్కటే.

సాయంత్రానికల్లా డైరెక్టరు సైకిల్ సంఘం ప్రెసిడెంటుకు ఫోను చేసి దారి తొక్కి చూసి సర్టిఫికెట్టు ఇవ్వడానికి శనివారం రమ్మన్నాడు. దారి పొడుగునా నల్ల బాణాలు వేయమని పెయింటరును పంపాడు. పెయింటరు ఉద్యోగధర్మం తెలిసినవాడు. ఫోనులో గీత ఎటుంటే అటు వెళ్లాడు. గీత గుమ్మంలోకి వెళ్తే గుమ్మానికి వేశాడు, వంటింట్లోకి వెళ్తే గూటికి వేశాడు, ఒకచోట మంచం దగ్గర ఆగితే మంచంకోడుకు వేశాడు. "ఏంటయ్యా ఇది?" అని అడిగినవాళ్లతో "ఆఫీసువాళ్లు దారేస్తున్నారు. నన్నడక్కండి" అన్నాడు. దాంతో రోడ్డు కోసం ఇళ్లు పడగొడుతున్నారన్న కబురు గాలికన్నా ముందు కొండెక్కింది.

శనివారం ఎనిమిదింటికి ప్రెసిడెంటు అయిదుగురు సైకిలు వీరులతో దిగాడు. మోకాళ్లకు కవచాలు, మోచేతులకు కవచాలు, నెత్తిన శిరస్త్రాణం, వీపున నీళ్ల సంచి. యుద్ధానికి వెళ్లేవాళ్లయినా ఇంకాస్త తేలిగ్గా వెళతారు.

"మంచుకొండల మీద తొక్కాను, ఎండిన అగ్నిపర్వతం మీద తొక్కాను. నాలుగు కిలోమీటర్లకి ఆరున్నర గంటలా? నవ్వొస్తోంది" అన్నాడు ప్రెసిడెంటు.

"నువ్వేసిన దారేగా, ముందు నువ్వే నడు" అని డైరెక్టరు గుమాస్తాను ముందుకు తోశాడు.

మొదటి బాణం రాయి మీద ఉంది. రెండోది చెట్టు మీద ఉంది. మూడోది టైలరమ్మ ఇంటి గుమ్మం మీద, లోపలికి చూపిస్తూ ఉంది. గుమాస్తా గుమ్మం ముందే ఆగిపోయాడు.

"ఆగావేం?" అన్నాడు వెనక నుంచి డైరెక్టరు.

"ఊహించని అడ్డంకి! బాగుంది!" అని ప్రెసిడెంటు సైకిలు భుజానికెత్తుకుని వంటింట్లోకి నడిచాడు. ఆరు సైకిళ్లూ గిన్నెల మధ్యలోంచి దూరుతుండగా టైలరమ్మ హేండిలు పట్టుకుంది.

"అయ్యా, ఈ గోడ మాత్రం కొట్టకండి. కుట్టుమిషను పెట్టుకోడానికి నాకిదొక్కటే చోటు. కావాలంటే ఇల్లు కొలిచి చూపిస్తా. కూర్చోండి."

మెడలోని టేపు తీసి ఆమె ఇల్లంతా కొలిచింది. పొడుగు కొలిచింది, వెడల్పు కొలిచింది, నమ్మకం కుదరక మళ్లీ కొలిచింది. మధ్యలో ప్రెసిడెంటు ప్యాంటు నడుము దగ్గర వదులుగా ఉందని అదీ కొలిచింది. బయటపడేసరికి గంటా పది నిమిషాలు.

తర్వాతి బాణం రిటైర్డు హెడ్మాస్టరు వరండాలోకి వెళ్లింది. ఆయన పద్నాలుగు పేజీల అర్జీ రాసుకుని వాళ్ల కోసమే కాచుకుని ఉన్నాడు. మొదటి పేజీ చదివి, కళ్లద్దాలు సవరించుకుని, డైరెక్టరు వంక పరీక్షగా చూశాడు.

"నువ్వు నా దగ్గర ఏడో తరగతి చదివావు కదూ? లెక్కల్లో తప్పావు."

"సార్, అది చాలా కాలం..."

"నిలబడి మాట్లాడు."

డైరెక్టరు నిలబడ్డాడు. పద్నాలుగు పేజీలూ అయ్యేదాకా నిలబడే ఉన్నాడు. సైకిలు వీరుల్లో ఒకడు నవ్వాడు. వాడి చేత పదిహేడో ఎక్కం చెప్పించారు. వాడు పదిహేడు ఆర్లు దగ్గర ఆగిపోయి, సైకిలు అక్కడే వదిలేసి, కొండ దిగి వెళ్లిపోయాడు.

మూడో ఇంట్లో, బాణమున్న మంచం మీద, అత్తయ్య టీ తాగుతోంది.

"రారా అల్లుడూ! వీళ్లంతా నీ స్నేహితులా?"

డైరెక్టరు చూపు ఆవిడ చేతి మీద పడింది. "ఈ గడియారం మా ఆఫీసుది కదమ్మా!"

"మా వాడే కట్టాడు బాబూ, బీపీకి. సోమవారం కట్టుకుని ఇట్లాగే వచ్చా. ముందు టైలరమ్మ, తర్వాత మాస్టారు, తర్వాత ఈ మంచం. ఒక్కో ఇంట్లో చూపించేసరికి మధ్యాహ్నం అయింది."

డైరెక్టరు మెల్లగా గుమాస్తా వైపు తిరిగాడు. "మాటల్లో చెప్పలేనన్నావు. నిజమే. సోమవారం నుంచి రాకు."

గుమాస్తాకు నాలుగేళ్లూ కళ్లముందు గిర్రున తిరిగాయి. ప్రెసిడెంటు మాత్రం పట్టు వదల్లేదు. "మొదలుపెట్టిన దారి మధ్యలో మానడం నా చరిత్రలో లేదు. పదండి!"

"పదండి, నేనొస్తా" అని అత్తయ్య లేచింది. ప్రతి గుమ్మంలోనూ "రోడ్డూ లేదు, గీడ్డూ లేదు, మీ ఇళ్లకేం భయం లేదు" అని చెప్పింది. అసలు ప్రమాదం అక్కడే మొదలైంది. ఇల్లు దక్కిన సంతోషంలో ఎవరూ వాళ్లను టీ తాగకుండా కదలనివ్వలేదు. మిగతా పందొమ్మిది ఇళ్లలో పందొమ్మిది టీలు. ఒకరు పెళ్లి ఫొటోలు చూపించారు, ఒకరు ఆపరేషను మచ్చ చూపించారు. ఇంకా ఎందుకు పెళ్లి కాలేదని అడిగితే ఒక వీరుడు ఏడ్చాడు. పదిహేనో ఇంట్లో ఇద్దరు నిద్రపోయారు. గుమాస్తా అందరి ఖాళీ కప్పులూ మోస్తూ వెనకే నడిచాడు. ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు మరి.

అయిదున్నరకు సైకిళ్లవాళ్లలో ప్రెసిడెంటు ఒక్కడే బురుజు చుట్టి ఆఫీసు మెట్ల మీద కూలబడ్డాడు. మోకాళ్ల కవచాలు ఏ ఇంట్లో వదిలాడో అతనికే గుర్తులేదు. తొమ్మిదిన్నర గంటలు. అక్కడే కూర్చుని సర్టిఫికెట్టు నింపాడు.

"అగ్నిపర్వతం నన్ను ప్రశ్నలు అడగలేదు" అన్నాడు. "ఇది మామూలు నలుపు కాదు. దీనికో కొత్త రంగు కనిపెట్టాలి. ఈవిడ దీన్ని ఆరున్నర గంటల్లో పూర్తి చేసిందా? చేతిలో గుడ్లతో? ఒక్కటీ పగలకుండా?"

"ఒకటి పగిలింది" అంది అత్తయ్య నిజాయితీగా.

డైరెక్టరు సర్టిఫికెట్టును రెండుసార్లు చదివాడు. పక్క కొండవాళ్ల ముఖాలు తలుచుకున్నాడు. మరుక్షణం అతని కోపం ఎటు పోయిందో తెలియదు. టైపు చేయించి సిద్ధంగా పెట్టుకున్న పర్మనెంటు ఆర్డరు సొరుగులోంచి తీశాడు. గుమాస్తా ఆశగా చెయ్యి చాపాడు. డైరెక్టరు అందులో పేరు కొట్టేసి, పైన అత్తయ్య పేరు రాసి, "దారుల సర్వే అధికారి" అని చేర్చి, సంతకం పెట్టాడు.

"మరి మా వాడో?" అంది అత్తయ్య.

"మీ కింద ఉంటాడు. టెంపరరీ."

అప్పటి నుంచీ గుమాస్తా సెలవు చీటీలు అత్తయ్యే పరిశీలిస్తోంది. ఇంతవరకూ ఒక్క సెలవూ మంజూరు కాలేదు గానీ, ఎందుకడిగాడో మాత్రం కొండమీద ఇరవై రెండు ఇళ్లకూ తెలిసింది.