మంత్రి కడిగిన మరుగుదొడ్డి

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు సుగుణమ్మ ఇంటి మరుగుదొడ్డిని మంత్రి కడిగారు. సోమవారం మధ్యాహ్నం దాకా అది శుభ్రంగానే ఉంది.

‘స్వహస్త స్వచ్ఛత’ వారోత్సవాలను దేవరకొండ వైపు నుంచే మొదలుపెడతానని మంత్రి హైదరాబాద్‌లో ప్రకటించారు. ఇంట్లో మరుగుదొడ్డిని ఎట్లా కడగాలో, క్రిములను ఎట్లా చంపాలో తానే చేసి చూపిస్తానన్నారు. ప్రజలకు ఏది రాదో ప్రజలకంటే ముందే కనిపెట్టడం ఆయన ప్రత్యేకత.

మండలాధికారి మంజులత ఊరూరా తిరిగి, తుమ్మచెల్క చేనేత వాడలో సుగుణమ్మ గడప ముందు ఆగారు. సుగుణమ్మ, భర్త సిద్దిరాములు నూలుకు రంగులద్ది చీరలు నేస్తారు. కూతురు అఖిల కల్వకుర్తి నుంచి తొలి కాన్పుకు వచ్చింది. ఎనిమిదో నెల. గడియకోసారి లేవాల్సి వస్తోంది. అందుకే సుగుణమ్మ పొద్దున్నే బేసిన్ అంచు కింద మందు పోసి, మగ్గం మీద రెండు వేళ్ల వెడల్పు నేసి లేచేది. అప్పటికి మందు నానేది. అప్పుడు బ్రష్ పట్టేది. చివర్లో తలుపు గొళ్లెం కూడా తుడిచేది.

"మండలంల గింత శుభ్రమైన లెట్రిన్ ఇంకోటి లేదమ్మా. మంత్రిగారు కాలు పెట్టాలంటే ఇదొక్కటే" అన్నారు మంజులత.

"శుభ్రంగున్నదాన్ని మళ్ల కడుగుడేంది మేడం?"

"గదే ప్రాబ్లం."

ఆ ప్రాబ్లం పార్టీ మండల అధ్యక్షుడు గోపీకృష్ణ చేతికి వెళ్లింది. కెమెరాకు ‘బిఫోర్’ లేకపోతే ‘ఆఫ్టర్’ ఉండదని అతను తేల్చాడు. మురికి కావాలి. అసలు మురికి ప్రోటోకాల్‌కు విరుద్ధం. వాసన రాకూడదు, దూరం నుంచి కనపడాలి. అఖిలను తీసుకుని సుగుణమ్మ దవాఖానకు పోయిన సమయం చూసి గచ్చు మీద చాయ్ డికాక్షన్ పోయించాడు. ఫోన్‌లో ఫొటో తీసి చూస్తే కడిగినట్టే ఉంది.

"సిద్దిరాములన్నా, గోధుమ రంగు గిట్ల ఏమన్న ఉన్నదా?"

"నా దగ్గర లేని రంగేందో చెప్పు."

సిద్దిరాములు లోపలికి పోయి, రెండు గిన్నెల ముందు కాసేపు నిలబడి, ఒకటి ఎంచుకుని తెచ్చాడు. బేసిన్ చుట్టూ సిమెంటు గచ్చు మీద తన చేత్తోనే పోశాడు. గోపీకృష్ణ ఫొటో తీసి సంతృప్తి చెందాడు. మంజులత తాళం వేసి, తాళంచెవి సంచిలో పెట్టుకున్నారు.

సుగుణమ్మ తిరిగి వచ్చి తాళం చూసింది.

"ఒక్క పూటనే కదమ్మా" అన్నారు మంజులత.

ఎదురింటి నర్సింగమ్మ తన తలుపు తీసింది. "మాది మంత్రి కడగంది. భయం లేకుండ రా బిడ్డా" అంది అఖిలతో.

మంగళవారం మంత్రి వచ్చారు. గోపీకృష్ణ గ్లవ్స్ అందించాడు. "స్వహస్తమంటే స్వహస్తమే" అని మంత్రి వాటిని పక్కన పెట్టారు. చప్పట్లు మోగాయి.

మంజులత కడిగే పద్ధతి రాసిన కాగితం చదవసాగారు. "మందు పోసినంక పది నిమిషాలు ఆగాలె సార్. క్రిములు చావాలంటే టైం పడతది."

"పది నిమిషాలా? దేవరకొండల మీటింగ్ ఉన్నది" అని మంత్రి రుద్దడం మొదలుపెట్టారు. నురగ గోధుమ రంగులోకి మారింది. గచ్చు మారలేదు. ఇంకాస్త వంగి రుద్దారు.

"సార్, ఆఫ్టర్ ఎప్పుడొస్తది?" అని ఒక కెమెరామన్ అడిగాడు.

గోపీకృష్ణ యాసిడ్ పోశాడు. వెనుక నుంచి ఇంకో కార్యకర్త బ్లీచింగ్ పౌడర్ చల్లాడు. ఈ రెండూ ఎప్పుడూ కలపరాదన్న వాక్యం కాగితంలో చివరన ఉంది. మంజులత చదువుతూ అప్పుడే ఆ వాక్యం దగ్గరికి వచ్చారు. మిగతాది బయటికొచ్చి దగ్గుతూ చదివారు. మంత్రి కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. పారిశుద్ధ్య కార్మికుల కష్టం తలచుకుని మంత్రి కంటతడి పెట్టారని మరునాడు పత్రికలు రాశాయి.

తేరుకున్నాక మంత్రి తన చేతులు చూసుకున్నారు. మణికట్టు దాకా గోధుమ రంగు. సిద్దిరాములును పక్కకు పిలిచారు.

"ఏం పోసినవు? ఇదెప్పుడు పోతది?"

"పోదు సార్" అన్నాడు సిద్దిరాములు చేతులు కట్టుకుని. "దిగే రంగు కూడ ఉండె. మంత్రిగారు వస్తున్నరంటే గది పోస్తమా? మా ఇంటి పరువేం గావాలె? గిది పక్కా రంగు. చీర చినుగుతది గాని రంగు దిగది."

సాయంత్రం దేవరకొండ సభలో మంత్రి శాలువా కప్పుకుని, చేతులు లోపలే ఉంచుకుని మాట్లాడారు. ఒక్కరికీ నమస్కారం పెట్టలేదు.

బుధవారం మరుగుదొడ్డి గోడకు శిలాఫలకం వచ్చింది. ‘గౌరవ మంత్రివర్యుల స్వహస్తములచే శుభ్రపరచబడినది’ అని చెక్కి ఉంది. రాష్ట్ర బృందం వచ్చి చూసేదాకా ఎవరూ వాడొద్దని మంజులత చెప్పారు.

"బిడ్డకు నెలలు నిండుతున్నయి మేడం. జర తాళమియ్యుండ్రి."

"అందుకే చెప్తున్నమ్మా. హైజీన్ ముఖ్యం."

ఆదివారం కల్వకుర్తి నుంచి వియ్యపురాలు రోజారమణి ఫోన్ చేసింది. "టీవీల చూసినం వదినె. మీ లెట్రిన్ మస్తు కడిగిండు మంత్రి. మరి మా కోడలు కడుపు పట్టుకుని ఎదురింటికి ఎందుకు పోతాంది?"

మూడోనాడు అల్లుడు కారు తెచ్చాడు. పురిటి కోసం పాత చీరలతో కుట్టిన బొంతను సుగుణమ్మే మడిచి సంచిలో పెట్టింది. అఖిలకు కల్వకుర్తి దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. పుట్టింట్లో కావాల్సిన పురుడు అత్తగారి ఊళ్లో అయింది. సుగుణమ్మ చుట్టంలా పోయి, మనవరాలిని చూసి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చింది.

పత్తి ఏరే రోజుల్లో రాష్ట్ర బృందం వచ్చింది. మంజులత తాళం తీశారు. బృందానికి పెద్దసారు గచ్చు వైపు చూసి మొహం చిట్లించారు.

"ఏందమ్మా ఇది? మంత్రిగారే వచ్చి నేర్పిండ్రు. కడుగుడు రాదా నీకు?"

"నేర్పకముందు వచ్చేది సారు" అంది సుగుణమ్మ.

మరుగుదొడ్డి అపరిశుభ్రంగా ఉందని ఆయన రాసుకున్నారు. మంజులత మళ్లీ తాళం వేశారు. బృందం భోజనాలు చేసింది. కాసేపటికి పెద్దసారు సుగుణమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మా, ఇక్కడ పోవడానికి ఎక్కడన్న..."

సుగుణమ్మ తాళం వైపు చూపించింది. మంజులత తల అడ్డంగా ఊపారు. మంత్రిగారు కడిగింది వాడితే ప్రోటోకాల్ ఒప్పుకోదన్నారు. ఎదురింటికీ తాళమే. నర్సింగమ్మ పత్తికి పోయింది.

పెద్దసారు కారులోంచి నీళ్ల సీసా తీసుకుని పత్తి చేను దిక్కు నడిచారు.