వెర్నా ఉంగరాలు, ఊరి ఇనుము

ఆ శనివారం వెర్నా పెట్టుకున్నవి రెండే పనులు. పడకగదిలోని ఇనప మంచం వాకిట్లో వేసి కడగడం, జుట్టు ఉంగరాలు తిప్పించుకోవడం. యుద్ధానికెళ్ళిన మొగుడు ఎమెట్ రెండు రోజుల సెలవు మీద సాయంత్రం బండికి దిగుతున్నాడు. ఒహాయోలోని ఆ చిన్న ఊళ్ళో ఆడవాళ్ళంతా ఫ్యాక్టరీకి పోతున్న రోజులవి. తలగుడ్డ కింద నలిగి నలిగి వెర్నా జుట్టు చీపురుకట్టలా తయారైంది. ఆ చీపురుతో మొగుడికి ఎదురెళ్ళడం ఆమెకి సుతరామూ ఇష్టం లేదు.

పక్కింటి ఓపల్ కత్తెరతో వచ్చింది. పెళ్ళికి ముందు ఆవిడ బ్యూటీ పార్లర్‌లో పనిచేసింది.

"అంతంత తీసేస్తున్నావేం వదినా?"

"నువ్వూరుకో. జుట్టంతా ఒకే పొడుగుంటే బరువుకి ఉంగరం జారిపోతుంది. పైన పొట్టిగా, కిందికి పోనుపోను కాస్త పొడుగ్గా, వెనక గుర్రపు నాడాలా గుండ్రంగా కొయ్యాలి. అప్పుడు ఏ పాయ బరువు ఆ పాయదే. సరే, పిన్నులేవీ?"

గుప్పెడు కూడా లేవు. కొందామన్నా, పిన్నులకి కావలసిన ఇనుమంతా తుపాకుల్లోకి పోతోంది. వెర్నా తలకి రుమాలు చుట్టుకుని, బుట్ట పట్టుకుని వీధిలో పడింది. అదే రోజు ఊళ్ళో యుద్ధానికి పాత ఇనుము పోగుచేస్తున్నారన్న సంగతి ఆమె మరిచేపోయింది.

"తల పిన్నులదాకా వచ్చారంటే యుద్ధం గట్టిగానే ఉందన్నమాట!" అంటూ ఎదురింటి ఆగ్న్యూగారి భార్య పిన్నులతో పాటు పెనం కూడా బుట్టలో వేసింది.

"అయ్యో, ఇది నా కోసమండీ!"

"మనందరి కోసమేనమ్మా!"

కబురు వెర్నా కంటే ముందు నడిచింది. ఆమె ఇల్లు చేరేసరికి వాకిట్లో, పొద్దున కడిగి ఆరబెట్టిన మంచం చుట్టూ బాణళ్ళు, పొయ్యి చువ్వలు, ఎవరిదో సైకిలు చట్రం. ఓపల్ అవేవీ పట్టించుకోకుండా అవిసె గింజల జిగురు రాసి, పాయపాయనీ కొస నుంచి కుదురు దాకా చుట్టి పిన్నులు గుచ్చింది. వెర్నా ఎండలో కూర్చుంది. ఆమె తల ఆరుతోంది, పక్కన గుట్ట పెరుగుతోంది.

మూడింటికి, ఇనుము పోగుచేసే పెద్దమనిషి హాస్కిన్స్ లారీతో దిగాడు. వెనకే సగం వీధి.

"చూడండి, ఈ ఇల్లాలు పిన్నుల్ని కూడా వదల్లేదు!" అన్నాడు. అందరి చూపులూ వెర్నా తల మీదికెళ్ళాయి.

"ఆ తలలో ఉన్నవి కూడా ఇస్తుందా?" అన్నారెవరో.

"ఇవ్వకేం!" అని హాస్కిన్స్ టోపీ తీశాడు. చప్పట్లు మోగాయి.

"తడి ఆరలేదండీ!" అని మొత్తుకుంది ఓపల్.

"మన కుర్రాళ్ళు తడిలోనే నిలబడ్డారమ్మా!"

మొగుడు సైన్యంలో ఉండగా వెర్నా ఏమంటుంది? కళ్ళనీళ్ళు కుక్కుకుని ఒక్కొక్క పిన్నే తీసి అతని టోపీలో వేసింది. మనుషులు ఇనుమంతా ఎత్తుతుంటే ఆమె లోపలికెళ్ళి మొహం కప్పుకుంది.

"అయిపోయింది వదినా. మళ్ళీ చీపురే."

"పిన్నులు పోతే పోయాయి, నా కత్తిరింపు ఎక్కడికి పోతుంది?" అంటూ ఓపల్ మెల్లిగా దువ్వెన పెట్టింది. బరువు తగ్గిన పాయలు ఎవరూ పట్టుకోకుండానే చుట్టుకుని నిలబడ్డాయి. అద్దంలో చూసుకుని వెర్నా ఓపల్‌ని కావలించుకుంది.

స్టేషన్లో ఎమెట్ చేతిలో సంచీ జారిపోయింది. "నువ్వేనా?" అన్నాడు. దారి పొడుగునా రోడ్డు చూస్తే ఒట్టు. ఇంటికి రాగానే మేడెక్కాడు.

"ఏమోయ్, పరుపుంది గానీ, మంచమేదీ?"

వెర్నా కిటికీలోంచి వాకిట్లోకి చూసింది. ఊడ్చిపెట్టినట్టుంది.

ఆ రెండు రాత్రులూ వాళ్ళు నేలమీదే పడుకున్నారు. ఉంగరాలు మాత్రం చెక్కుచెదరలేదు.