పది నిమిషాల నిరీక్షణపై ఫెబీ దండయాత్ర

మేఘుడు మొహము చాటేసిన మే మాసమున, పలకల పొడి పొగమంచువలె వీధుల నావరించిన మార్కాపురమందు, రాతిని కోసి పలకలు చేయు మిషను దిక్కులదరగొట్టు ఒకానొక షెడ్డు పైగదిలో, రేకుల కప్పు కింద కుండలో నీళ్లు సైతము కాగుచున్న పూర్వాహ్ణవేళ, ఒక మహాసంగ్రామము జరిగినది. రక్తము చిందలేదు. చెమట మాత్రము బిందెలకొద్దీ కారినది. అది కూడ తొట్టిలో పోసియుంటే ఒక పల్లె దాహము తీరియుండును.

కథానాయిక ఫెబీ. కూలి చేసి బతుకు ఏలీయా కూతురు, పట్టా లేని పండితురాలు, ఫోనులో వీడియోలు చూచి కంప్యూటరు విద్యను నమిలి మింగిన స్వయంశిక్షిత, నల్లతెరపై తెల్లక్షరములనే బాణములుగా సంధించు మహాధనుర్ధారిణి. పుల్లలచెరువు వైపు పల్లెలో ఆడవాళ్లు పెట్టుకొన్న నీళ్ల కమిటీకి ఆమెయే సేనాని.

ఆమె కోటలో మూడు ముసలి కంప్యూటర్లు కొలువుదీరి యుండెను. మూతపడిన కోచింగ్ సెంటరు నుండి మోసుకొచ్చిన ఆ మూడింటికి పెద్దమ్మి, నడిపమ్మి, చిన్నమ్మి అని పేర్లు పెట్టినది ఫెబీయే. మూడింటిని కలిపి ఒకే గాదెవలె నడిపించు ఆ ఏర్పాటునే క్లస్టర్ ఫైల్ సిస్టమందురు. ఏ వీడియో వేసినను ముగ్గురి పొట్టలోను తలా ఒక ప్రతి పడును. ఒకతె కూలిపోయినా తక్కిన ఇద్దరు లోకమును నిలుపుదురు. నిలుపవలెను. నిలుపలేదు.

ఎందుకన, కింద కోత మిషను లేచినప్పుడెల్ల వోల్టేజి పడిపోయి చిన్నమ్మి మూర్ఛిల్లును. పలుకని చెల్లెలి కోసము అక్కలు ఎంతసేపు ఆగవలెనో చెప్పు సెట్టింగు ఒకటి కలదు. అంతసేపును ఏ వీడియోయు కదలదు. ఆ గడువును పది నిమిషాలకు పెంచినవాడు రాచర్ల వాస్తవ్యుడు, కమిటీ ఆటోకు సారథి, మర్యాదామూర్తియైన నరేష్. "ఇంటి ఆడబిడ్డ రాకుండా బంతిలో వడ్డిస్తామా అక్కా? పాపం, చిన్నమ్మి ఏమనుకుంటది?" అని పెళ్లిభోజనాల ధర్మమును యంత్రములకు ఉపదేశించిన ఘనుడతడు. ఫెబీ ఆనాడు నవ్వి ఊరకుండెను. ఆ నవ్వు ఈనాడు మెడకు చుట్టుకొనెను.

ఈనాడు నీళ్ల సరఫరా చూచు అధికారి స్వయముగా మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ట్యాంకరు రోజూ పోతున్నదని కాంట్రాక్టరు మాట. నెలనుంచి మొహమే చూడలేదని పల్లె మాట. రోజూ ఖాళీ తొట్టిని తీసిన వీడియోలే పల్లెకున్న సాక్ష్యము. ఫోన్లలో చోటు చాలక, అన్నీ ఈ అమ్మిల పొట్టలో వేసి ఫోన్లు తుడిచేసినారు.

"టీ తాగేలోపల చూపించండమ్మా. పొదిలిలో మీటింగుంది," అన్నాడాయన.

చూచెనా, రేపు ట్యాంకరు. చూడకుండా లేచెనా, కాంట్రాక్టరు మాటే వేదవాక్కు.

ఫెబీ వీడియోపై నొక్కెను. సరిగ్గా అప్పుడే కింద మిషను గర్జించెను. చిన్నమ్మి కన్ను మూసెను. తెరపై చక్రమొకటి ప్రళయకాల సుడిగుండమువలె తిరుగ మొదలిడెను. గ్లాసులో టీ ఒక గుక్క దిగెను.

"ఏందక్కా, ఏమైంది?" అన్నాడు నరేష్.

"నీ మర్యాదే అయింది. చెల్లెలు రాలేదని అక్కలిద్దరూ ఆకు ముందర చేతులు కట్టుకొని కూర్చున్నారు."

"మిషను నడిపే ఆదిశేషు మామకు ఆపమని చెప్పొస్తా."

"కింద కూలోళ్ల పూట పోగొట్టి మనం నీళ్లు తెచ్చుకుంటామా? కూర్చో."

అంతట ఆ వీరాంగన కీబోర్డును ముందుకు లాగి, మనసులో ఇట్లు గర్జించెను: "ఓ దశనిమిషాత్మక దుర్నిరీక్షణమా, మా జాతి ఆగీ ఆగీ అలసినది. బస్సుకాగితిమి, బోరుకాగితిమి, సంతకమునకాగితిమి. ఇక కంప్యూటరుకు కూడ ఆగుదుమా? నిన్ను పది సెకన్లుగా నరికి పారవేయకున్న నేను ఏలీయా కూతురనే కాను."

పలికి, ఆజ్ఞను టైపు చేసి, ఎంటరు మీద గుద్దెను. అనుమతి లేదని నల్లతెర ఈసడించెను.

గుమ్మములో కూర్చున్న పిచ్చమ్మ, ఆ పల్లె ముసలామె, తొట్టి వీడియోలు చాలా వరకు తీసిన చేయి ఆమెదే, మెడ చాచెను. "ఏమంటాందే అది?"

"నువ్వెవరని అడుగుతాందవ్వా."

"ఏలీయా కూతుర్నని చెప్పు."

అది చాలదు. యజమానిగా ఆజ్ఞాపించుటకు ముందొక మాట చేర్చవలెను, సుడో అని. రోజూ కొట్టునదే, రోషములో మరచెను. తన్ను తాను తిట్టుకొని మరల గుద్దెను. ఇంకొకరి ఆజ్ఞ నడుచుచున్నది, ఆగుమనెను తెర.

ఇంకొకరెవరు? ఫెబీ సింహగ్రీవము తిప్పి చూచెను. అవతల పెద్దమ్మి కీబోర్డుపై రెండు వేళ్లతో నరేష్ కుస్తీ పట్టుచుండెను.

"సాయం చేద్దామని నేను గూడా అదే కొడతాండా అక్కా. తప్పు నాదే గదా."

"చేతులు తీయ్. నెత్తిమీద పెట్టుకో. నేను చెప్పేదాకా దించొద్దు."

పెట్టుకొనెను. గ్లాసు అడుగున మడ్డి కనబడెను. అధికారి ఒక చేత గ్లాసు, ఒక చేత ఫైలు పట్టుకొని సగము లేచెను. ఫెబీ మూడవమారు గుద్దెను. కీబోర్డుతో పాటు బల్లయు వణికెను. తెరపై సక్సెస్ అని ఒక్క మాట.

శంఖములు మోగలేదు. పుష్పవృష్టి కురియలేదు. రేకుల మీద పిల్లి నడిచిన చప్పుడైనది. అక్కలిద్దరు పది సెకన్లు మర్యాదకు ఆగి, ఇక చెల్లెలిని వదలి వడ్డించుకొనిరి. వీడియో కదిలెను.

ఎండిన తొట్టి. అందులో నీడకు పండుకొన్న మేక. వెనక పిచ్చమ్మ గొంతు: "ఈరోజు గూడా రాలే." మరునాడు అదే తొట్టి, అదే మేక. ఆ మరునాడు మేక పక్కన దాని పిల్ల. అధికారి ముందు నవ్వెను, పిదప నవ్వలేదు. కూర్చుండెను.

"ఇందాక ఏం మార్చినావమ్మా?" అని అడిగెను.

"రానోళ్ల కోసం ఎంతసేపు ఆగాలనే లెక్క సార్. పది నిమిషాలుండె. పది సెకన్లు చేసినా."

"ఆ లెక్క ట్యాంకరుకు గూడా మార్చే, అమ్మీ," అన్నది పిచ్చమ్మ. "నెల్లాయె మేము ఆకు ముందర కూర్చోని."

అధికారి ఫోను తీసి, రేపు తెల్లవారేసరికి ట్యాంకరు ఆ తొట్టి పక్కన ఉండవలెనని, నీళ్లు పోసే వీడియో తనకు పంపవలెనని ఎవరికో గట్టిగా చెప్పెను. మేకను ముందుగా లేపమనియు చెప్పెను.

ఇట్లు రేకులగది మహాయుద్ధమున ఒక అంకె హతమైనది. సెట్టింగొకటి శిరసు వంచినది. కింద మిషను ఆగగా చిన్నమ్మి మెల్లగా కన్ను తెరచి, అక్కలు తనను విడిచి తినిరని తెలిసియు, తప్పిపోయినదంతా అడిగి వడ్డించుకొని, చడీచప్పుడు లేక బంతిలో కూర్చుండెను. ఆడబిడ్డ అలగనే లేదు.

"ఇప్పుడన్నా చేతులు దించొచ్చా అక్కా?" అని నరేష్ అడిగెను.