ఇంటి మీదుగా కోదాడకు

పెళ్లయిన కొత్తలో సుమిత్రకు విమానం ఎక్కిస్తానని మాటిచ్చాను. ఎక్కడికన్నది చెప్పలేదు. వ్యాపారి అన్నాక ఆ మాత్రం సందు ఉంచుకోవాలి.

తిరుమలగిరి వైపు వడ్లు కొని మిర్యాలగూడ మిల్లులకు పంపడం నా పని. మొన్న మాఘంలో కోదాడలో మా బావమరిది వంశీ గృహప్రవేశం వచ్చింది. పాలు పొంగించవలసింది ఇంటి ఆడపడుచు, అంటే సుమిత్ర. సొంతవాళ్లకు కార్డెందుకని వంశీ ఆమెకు ఫోన్లోనే చెప్పాడు. ముహూర్తం పదింటికని ఆమె నాకు చెప్పింది.

సూర్యాపేటలో మా ఇంటి నుంచి కోదాడ కారులో గంట దారి. అక్కడే నాకు ఉపాయం తట్టింది. శంషాబాద్‌లో విమానం ఎక్కి, గన్నవరంలో దిగి, అక్కణ్నుంచి వెనక్కి కోదాడ రావడం. విమానంలో ఉండేదీ గంటే. ఇంతకన్నా పొట్టి, చవక విమాన ప్రయాణం నాకు దొరకలేదు. పాత మాటా తీరుతుంది, శుభకార్యమూ అయిపోతుంది.

“తూర్పున కోదాడకు పోనీకి పడమట శంషాబాద్ పోవుడేంది?” అంది సుమిత్ర.

“లెక్క నాకు ఇడిసిపెట్టు.”

ఆమె సరేనంది. అంత తొందరగా ఆమె ఏ బేరానికీ ఒప్పుకోదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

తెల్లవారేసరికి శంషాబాద్‌లో ఉన్నాం. గన్నవరంలో మంచు కమ్మింది, విమానం ఆలస్యమన్నారు. నా లెక్కలో గాలిలో గంట ఉంది గాని, దానికోసం కుర్చీలో కూర్చునే గంటలు లేవు. బోర్డు మీద సమయం మారినప్పుడల్లా నా గుండె తడిసిన వడ్లబస్తాలా బరువెక్కింది. ఆడపడుచు లేకుండా పాలు పొంగితే, అత్తగారింట్లో ఆ మాట నేను పోయేదాకా వినిపిస్తూనే ఉంటుంది.

ఇంతలో వంశీ ఫోన్ చేశాడు. సుమిత్ర స్పీకర్ పెట్టింది.

“బావా, అక్క రాకుంటే పాలెవరు పొంగియ్యాలె? పంతులు అడుగుతున్నడు.”

ఫోన్ దగ్గరికి వంగాను. “ముహూర్తం తప్పకుంటే మీ అక్కను విమానంల కాశీకి తీస్కపోత. నీ మీద ఒట్టు.”

“అమ్మ గూడ ఇన్నది బావా,” అన్నాడు వాడు.

ఎట్టకేలకు విమానం లేచింది. సుమిత్ర కిటికీకి అతుక్కుపోయింది.

“ఏమయ్యా, గా కింద ఉన్నది మన సూర్యాపేటేనా?”

నేను సీటు బెల్టు సర్దుకున్నాను.

“పొద్దుగాల లేసి, గింత దూరం తిరిగి, మల్ల మన ఇంటి మీదికే వచ్చినం.”

వెనక సీటాయన దగ్గినట్టు నవ్వాడు.

గన్నవరంలో టాక్సీ ఎక్కాం. నందిగామ రాకముందే పది దాటింది. డ్రైవర్‌ను తొందరపెట్టి తొందరపెట్టి నా గొంతు పోయింది. పక్కన సుమిత్ర నింపాదిగా జామకాయ తింటోంది. పుట్టింటి మీద ఈమెకున్న మమకారం ఇంతేనా అని మొదటిసారి బాధపడ్డాను.

కోదాడలో కారు ఆగీ ఆగకముందే దిగి, పంచె ఎగ్గట్టి పరుగెత్తాను. గుమ్మానికి ఇంకా మామిడాకులు కడుతున్నారు. పంతులుగారు చాయ్ తాగుతున్నారు. ముహూర్తం పన్నెండింటికట.

సుమిత్ర చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వెనక వచ్చింది.

“వడ్లు కొనేటప్పుడు తేమకని, తాలుకని తరుగు తీస్తవు గద. నీ లెక్క మీద నేను గూడ రెండు గంటలు తరుగు తీసిన.”

పాలు ఆమె చేతి మీదుగానే పొంగాయి. మా అత్తగారు నాకు పరమాన్నం పెడుతూ, కాశీకి ఎప్పుడు అల్లుడూ అని అడిగారు. శంషాబాద్ నుంచి కాశీకి ఎంతసేపో చూద్దామని ఫోన్ తీశాను. సుమిత్ర దాన్ని నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది.

“ఆ లెక్క నేను సూస్త. అమ్మకు గూడ టికెట్ తియ్యాలె.”