జాజుతో రాసిన పాఠం

బీయే పాసై ఖాళీగా కూర్చున్న హనుమంత రావు ఆ ఉదయం ఇంగ్లిషు ట్యూషన్ పెట్టాలని గట్టిగా అనుకున్నాడు. "నెలలోపల పిల్లలు రాకుంటే బాయికాడ మోటరుకు కావలి పోవుడే," అని తండ్రి జలపతి రావు దొర తేల్చి చెప్పి కోరుట్లకు పోయాడు. రుద్రంగిలో నలుగురికీ తెలియాలంటే గోడే దిక్కు. ఇంట్లో రంగు లేదు, గడపలకు పూయడానికి తెచ్చిన ఎర్రమట్టి, జాజు ఉంది.

అక్కడే కొంప మునిగింది. ఆ రోజుల్లో గోడ మీద ఎర్రగా ఏది కనిపించినా అది అన్నల, అంటే నక్సలైట్ల రాతే. మన పండితుడికి ఆ సోయి లేదు. ప్రహరీ మీద ఇంతేసి అక్షరాలు దించాడు: "స్టాండ్ అప్ టు అంటే ఎదురు నిలుచుట. ఉదాహరణ: జీతగాళ్లు దొరకు ఎదురు నిలిచిరి." కింద ట్యూషన్ అని రాయబోతే జాజు అయిపోయింది. మళ్లీ తేవడానికి బజారుకు పోయాడు.

అరక కట్టడానికి వచ్చిన జీతగాడు గంగయ్య రాత్రిబడిలో నాలుగక్షరాలు నేర్చినవాడు. గోడ మీదిది కూడబలుక్కొని చదివి, ములుకర్ర కింద పడేశాడు. "అన్నలే చెప్పినంక పనికి ఎట్ల పోతం? జీతం పెంచేదాక కూసోండ్రి!" అన్నాడు. జీతగాళ్లంతా గోడ కింద చతికిలబడ్డారు.

బస్సు దిగి వచ్చిన జలపతి రావు ముందు మనుషులను చూశాడు, తర్వాత గోడను చూశాడు. చేతులు జోడించాడు. "గంగన్నా, అడిగినంత పెంచుత. అన్నలకు చెప్పు, మా దొర మంచోడని!" పుట్టి బుద్ధెరిగాక ఆయన గంగయ్యను అన్నా అనడం అదే మొదలు.

ఎర్ర రాత కబురు అప్పటికే ఠాణాకు చేరింది. జీపు దిగుతూనే, "ఎవడు రాసిండు?" అని ఎస్సై గర్జించాడు. జాజు పొట్లంతో అప్పుడే వచ్చిన హనుమంత రావుకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"నేనే సార్! ఇంగ్లిషు పాఠం సార్!"

"ఉదాహరణకు పిల్లో కుక్కో దొరకలేదయ్యా నీకు?" ఎస్సై నెత్తి కొట్టుకొని జీపెక్కాడు.

జలపతి రావు క్షణంలో మళ్లీ దొరయ్యాడు. "మా పోరడు రాసిందేరా! లేవుండ్రి, అరకలు కట్టుండ్రి!"

గంగయ్య కదల్లేదు. "నీ బాంచెన్ దొరా, రాసింది ఎవలైతేంది? సదివింది మేమే గద. పెంచుత అన్నరు, పెంచుండ్రి."

పెంచక తప్పలేదు. ఇక మోటరు కావలే గతి అని హనుమంత రావు తువ్వాల భుజాన వేసుకున్నాడు, పాపం, ఏడుపొక్కటే తక్కువ. కాని మర్నాడు తండ్రే స్వయంగా జాజు కలిపి, పక్కన నిలబడి రెండో పాఠం రాయించాడు: "పుట్ అప్ విత్ అంటే ఓర్చుకొనుట. ఉదాహరణ: జీతగాళ్లు దొరను ఓర్చుకొనిరి."

దాన్ని మాత్రం ఊళ్లో ఎవరూ చదవలేదు.