చివరి పావుగంట

"ఇవాళ్టి నుంచి పైరసీ అనే మాట డిక్షనరీలోనే ఉండకూడదు!" అని సమాచార మంత్రిగారు మైకు అదిరేలా గర్జించారు. ఆ మాట తీసెయ్యడానికి అక్కడికక్కడే ఒక కమిటీ కూడా వేశారు. ఏం వేగమండీ అది! చూసినవాళ్ళకి కళ్ళు తిరిగాయి.

వేదిక మీద చివరి కుర్చీలో మన డైరెక్టర్ బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. పైరసీ బాధితుడిగా ఆయనకి ఆ రోజు సన్మానం. ఆయన తీసిన 'గడప' సినిమా, డబ్బు కట్టి చూసే యాప్‌లోకి శుక్రవారం వచ్చింది. జనం ఫోన్లలోకి గురువారమే వచ్చేసింది. ఎవడో మహానుభావుడు ప్రివ్యూలో కూర్చుని సెల్‌ఫోన్‌తో మొత్తం లాగేశాడు. మొత్తం అంటే మొత్తం కాదు. వాడి ఫోన్‌లో చోటు చాలక చివరి పావుగంట ఎగిరిపోయింది.

డైరెక్టర్ ఏడుపంతా ఆ పావుగంట గురించే. ఏళ్ళ తరబడి మాటల్లేని అక్క, తమ్ముడి ఇంటికొచ్చి తలుపు కొడుతుంది. దొంగ కాపీ అక్కడితో సరి. అసలు సినిమాలో తమ్ముడు తలుపు తీస్తాడు. ఇద్దరూ తిట్టుకుంటారు, ఏడుస్తారు, కలిసి భోంచేస్తారు. సొంత అక్కకి ఎదురుపడి చెప్పలేని మాటలన్నీ అందులోనే పెట్టాడు పాపం. అక్క ఒక్కతి చూస్తే చాలు, ఊరంతా చూడకపోయినా ఫర్వాలేదనుకున్నాడు.

అక్క చూసింది. మరిది పంపిన ఫ్రీ లింకులో చూసింది. ఫోన్ చేసి, "చూశాన్రా. నన్ను గుమ్మం బయటే నిలబెట్టావుగా, సంతోషం" అని ఠక్కున పెట్టేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

ఇక్కడ మంత్రిగారు ఊపందుకున్నారు. "ఈ సినిమా నేను స్వయంగా చూశాను. ఏం ముగింపండీ! తలుపు చప్పుడు... అంతే, చీకటి! తీస్తాడా, తియ్యడా? నాకు నిద్ర పడితే ఒట్టు!"

హాలంతా చప్పట్లు. అందరికీ ఆ ముగింపే నచ్చింది మరి.

డైరెక్టర్ ఉండబట్టలేక లేచాడు. "సార్, అది ముగింపు కాదండీ. ఇంకా పావుగంట ఉంది."

మంత్రిగారు పి.ఏ. వైపు చూశారు. పి.ఏ. యాప్ మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. "ఉందో లేదో చెప్పలేం సార్. మా యాప్‌లో అక్కడిదాకా చూసినవాళ్ళు ఇంకా ఎవరూ లేరు."

మంత్రిగారికి విషయం చటుక్కున అర్థమైంది. "అంటే, ప్రజలంతా చూసిన సినిమాకి ఎవడో తోక అతికించాడన్నమాట! అదే నకిలీ. పీకెయ్యండి!"

సాయంత్రానికల్లా ప్రజాభీష్టం మేరకు పీకేశారు.

డైరెక్టర్ ఊరుకుంటాడా? తన దగ్గరున్న ఆ పావుగంట ముక్కని "ఒక్కసారి చూడక్కా" అని అక్క ఫోన్‌కి పంపాడు. కొత్తగా పెట్టిన పైరసీ నిరోధక దళం అప్పటిదాకా ఈగలు తోలుకుంటోంది. దొంగ సినిమా కదిలితే గంట మోగే యంత్రం ఒకటి వాళ్ళకి కొనిచ్చారు. జనం ఫోన్లలో ఉన్నదే అసలుదని తేలిపోయింది కాబట్టి ఆ గంట మోగే అవకాశమే రాలేదు. ఇప్పుడు మోగింది. దళం రెక్కలు కట్టుకుని వాలి, డైరెక్టర్‌ని ఆఫీసుకి ఎత్తుకుపోయింది.

తొలి కేసు కదా, దళం ఆఫీసుకి మంత్రిగారు ఫోటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని మరీ వచ్చారు.

"ఈ ముక్క ఎవరు తయారుచేశారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నేనేనండీ."

"ఒప్పేసుకున్నాడు సార్! ఎవరికి పంపావు?"

"మా అక్కకి."

"ముఠా కూడా ఉంది సార్!"

ముఠాకి కబురు వెళ్ళింది. కాసేపటికి తలుపు మీద చప్పుడైంది. బయట్నుంచి ఏడుపు గొంతు. "ఒరేయ్, నేన్రా. చూశాన్రా, మొత్తం చూశాను. తలుపు తియ్యరా."

ఇన్‌స్పెక్టర్ గడియ మీద చెయ్యేశాడు. మంత్రిగారు కంగారుగా అడ్డుకున్నారు. "ఆగవయ్యా, తియ్యకు! ఇక్కడ ఆపితేనే బాగుంటుంది."

ఫోటోగ్రాఫర్ ఫోటో తీసేశాడు. డైరెక్టర్ మాత్రం కుర్చీ తన్నేసి, మంత్రిగారిని కూడా పక్కకి నెట్టి, వెళ్ళి తలుపు తీశాడు.

మర్నాడు పేపర్లో వార్త తలుపు చప్పుడు దగ్గరే ఆగింది. చదివినవాళ్ళంతా ముగింపు అదిరిందన్నారు.